క్యాసినో యాత్ర: లెక్కయు మితమును



నేటి ప్రసంగవిషయము మనలో కొందఱకు రుచింపకపోవచ్చును. జూదమన్నంతనే అది పాపమని చెప్పి ఊరకుండుట మన వాడుక. నేను ముప్పది సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలో గణితము బోధించినవాడను. కావున పాపపుణ్యముల విచారమును మీకు విడిచి, లెక్కను మాత్రము మనవి చేసికొందును.

మన రెండు తెలుగు రాష్ట్రములందును 1974వ సంవత్సరపు గేమింగు చట్టము ప్రకారము జూదశాల నడపుట నేరము. గోవాలో అట్లు గాదు. అచ్చటి 1976వ సంవత్సరపు చట్టమును 1992లో సవరించి పెద్ద హోటళ్లలో జూదపు యంత్రములకును, 1996లో మరల సవరించి నీటిమీది నౌకలలో బల్లలపై ఆడు ఆటలకును అనుమతి నిచ్చిరి. పణజి పట్టణము చెంత మాండవీ నదిలో నిలిచియుండు దీపాల నౌకలు ఇవియే. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి అందు ప్రవేశము లేదు. 2020 ఫిబ్రవరి 1 నుండి గోవావాసులు సయితము ఆడబోరాదని ఆ ప్రభుత్వమే కట్టడి చేసినది. తన బిడ్డలకు వలదన్న వంటకమును చుట్టములకు వడ్డించు ఇంటివంటిది ఈ యేర్పాటు.

పంట సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట మన పల్లెల యువకులు నలుగురైదుగురు కూడి, కారు మాట్లాడుకొని గోవాకు పోవుట నేడు వింత గాదు. సముద్రము చూతురు, ఒక రాత్రి నౌక యెక్కుదురు. వలదని మనము శాసించినచో పోవువాడు మానడు, చెప్పక పోవును. చెప్పక పోయినవాడు ఓడినపుడు చెప్పక అప్పు చేయును. కావున వానికి లెక్క తెలియజెప్పి పంపుటయే మేలని నా తలంపు.

రౌలెట్ అను చక్రమును తీసికొందము. అందు సున్న మొదలు 36 వఱకు మొత్తము 37 ఇండ్లు. పదునెనిమిది ఎఱుపు, పదునెనిమిది నలుపు, సున్న మాత్రము పచ్చన. ఒక అంకెపై పందెము గెలిచినవానికి, పెట్టిన సొమ్ము గాక దానికి 35 రెట్లు ఇత్తురు. ఇది ఉదారముగనే తోచును. అన్ని ఇండ్లపైనను నూఱేసి రూపాయల చొప్పున 3,700 పెట్టితిమనుకొనుడు. ఏదో యొక యిల్లు గెలువక తప్పదు. అపుడు మనకు వచ్చునది 3,600. నూఱు రూపాయలు శాలకు మిగులును. ఇందు మోసము లేదు, మంత్రము లేదు. నూటికి రెండు రూపాయల డెబ్బది పైసల కోత ఆట నియమములోనే కలదు. సున్నలు రెండున్న చక్రమైనచో ఆ కోత ఐదు రూపాయల పైచిలుకు.

మనవారెఱిగిన లోపలా బయటా ఆటయు అచ్చట కలదు. మొదటి ముక్క పడు వైపు గెలుచుట నూటికి సుమారు 51న్నర పాళ్లు. ఆ సంగతి శాలవారికి తెలియును గనుక, ఆ వైపు గెలిచినవానికి నూటికి నూఱు గాక తొంబది ఇచ్చుట వాడుక. ఏ వైపు కూర్చున్నను కోత తప్పదు.

ఇచట ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. కోత పడునది మనము తీసికొనిపోయిన సొమ్ముపై గాదు, త్రిప్పిన సొమ్ముపై. 5,000 రూపాయలతో పోయినవాడు నూఱేసి చొప్పున గంటకు 40 మార్లు, ఐదు గంటలు ఆడినచో 20,000 త్రిప్పినవాడగును. సగటున 540 రూపాయలు కోత. ఐదువందల చొప్పున ఆడినచో త్రిప్పినది లక్ష, కోత 2,700. ఒక రాత్రి ఒకనికి లాభము రావచ్చును. కాని పందెము పెరిగినకొలది, గంటలు గడచినకొలది కోతయు పెరుగును.

దీనికి విరుగుడుగా కొందఱు ఒక ఉపాయము చెప్పుదురు. ఎఱుపుపై నూఱు ఓడినచో ఇన్నూఱు, అదియు ఓడినచో నన్నూఱు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో ఎపుడో యొకప్పుడు గెలిచి నూఱు మిగులునందురు. ఏడుమార్లు వరుసగా ఓడినచో పోయిన మొత్తము 12,700. అట్లోడుట సుమారు 106 ప్రయత్నములలో ఒకమాఱు జరుగును. తక్కిన 105 ప్రయత్నములలో నూఱేసి చొప్పున 10,500 వచ్చును. తేల్చిచూచిన 2,200 నష్టము. "ఇన్నిమార్లు నలుపు వచ్చినది గదా, ఇక ఎఱుపు రావలె" ననుటయు భ్రమయే. 1913 ఆగస్టు 18న మోంటీకార్లోలో నలుపు వరుసగా 26 మార్లు వచ్చినది. ఎఱుపు వచ్చితీరునని నమ్మి పందెములు పెంచినవారు మిక్కిలి ధనము పోగొట్టుకొనిరి. వెనుకటి త్రిప్పు చక్రమునకు జ్ఞాపకముండదు.

పన్నును మఱువరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి క్యాసినోలపై వస్తు సేవల పన్ను నూటికి 40. గెలిచిన ధనముపై ఆదాయపు పన్ను నూటికి 30. ఓడినదానిని చూపి అందులో తగ్గించుకొనుటకు వీలులేదు.

నేనొకమాఱు మా ఊరివారితో ఆ నౌక యెక్కి, ఆడక, ఒక మూల కూర్చుండి చూచితిని. భోజనము, పానీయములు ప్రవేశరుసుములోనే చేరియున్నవి. కిటికీ గాని గడియారము గాని కంటబడలేదు. నోట్లు తీసికొని రంగు బిళ్ళలిత్తురు. సంతలో పది రూపాయలకు బేరమాడు రైతు వేయి రూపాయల బిళ్ళను సంకోచింపక విసరుట చూచితిని. అతడు తెచ్చినది పదివేలు. తొమ్మిది గంటలకు పదునెనిమిది వేలైనది. లేవలేదు. నడురేయికి ఏమియు మిగులలేదు. అపుడతడు తోడివానిని విత్తనముల కొఱకు దాచిన సొమ్ము బదులడిగెను. తోడివాడు ఇయ్యలేదు, మాట పట్టింపు వచ్చినను ఇయ్యలేదు. ఆ సంవత్సరము ఆ రైతు పొలములో విత్తనము పడినదన్న, అది ఆ తోడివాని చలవయే.

కావున పోవువానికి చెప్పవలసినవి నాలుగు మాటలు. తిరునాళ్లకు పోయినవాడు రంగులరాట్నమునకు ఇచ్చిన డబ్బు తిరిగి రావలెనని కోరడు. ఈ సొమ్మును అట్లే ఖర్చు క్రింద వ్రాసికొనవలెను. పోయినను ఇంట పొయ్యికి, పొలమునకు, పిల్లల చదువునకు లోటు రానంత మాత్రమే రొక్కముగా తీసికొనవలెను. బ్యాంకు కార్డు బసలో విడువవలెను. ఎన్ని గంటలకు లేవవలెనో కూర్చుండక మునుపే నిశ్చయించుకొనవలెను. నౌకపై అప్పు ఇయ్యరాదు, పుచ్చుకొనరాదు.

ఐదవది మీరెఱిగినదే. ధర్మరాజు మొదటి జూదమున సర్వమును ఓడెను. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరములిచ్చి, రాజ్యమును మరల నిచ్చి పంపెను. అంతటితో ఇంటికి పోయినచో వనవాసము లేదు. మరల పిలిచిన మరల కూర్చుండెను. గెలిచినవానికైనను, ఓడి బయటపడినవానికైనను రెండవమాఱు కూర్చుండుటలోనే చేటున్నది.

ఇట్టి మితమునకు లొంగనివారును కలరు. పోయినది రాబట్టుటకై మరల మరల పోవుట, సొమ్ము సంగతి ఇంట దాచుట, నగలు కుదువపెట్టుట దాని గుర్తులు. దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చినది. అట్టివానికి లెక్క పనికిరాదు, తిట్టును పనికిరాదు, వైద్యము కావలెను. ప్రభుత్వమువారి టెలీ మానస్ సంఖ్య 14416కు ఫోను చేసినచో ఉచితముగా సలహా చెప్పుదురు. అతడు నౌక యెక్కకుండుటయే మేలు.

తక్కినవారు బయలుదేరునపుడు, పెద్దలారా, కోపింపక ఒక్క ప్రశ్న వేయుడు: "ఎంత పోగొట్టుకొని రాదలచితివి?" అంకె చెప్పగలిగినవానిని పోనిండు. చెప్పలేనివానిని అరుగుమీద కూర్చుండబెట్టి, చెప్పువఱకు మాట్లాడుడు. తిరిగి వచ్చినపుడు ఆ అంకెనే మరల అడుగుడు.