కడపటి బంతి లేచిన తరువాత

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక సందర్భమున రుద్రవరమున దాతల సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

శిల్పుల ఉలి శబ్దము ఆగినది. కలశములు సిద్ధమైనవి. ప్రతిష్ఠ జరుగు మూడు దినములును అన్నసంతర్పణకు మీరు బియ్యము, కందిపప్పు, బెల్లము, నేయి సమర్పించియున్నారు. ఒకరు ఓళిగలనగా మరియొకరు లడ్డులని, వేరొకరు చిత్రాన్నమని, వంటవారి పట్టిక నానాటికి పెరుగుచున్నది. దైవము ఒక్కడే యైనను దాతల రుచులు అనేకములు! దానికి నాకు అభ్యంతరము లేదు. నేను అడుగునది కడపటి బంతి లేచిన తరువాతి సంగతి. వంటశాలలో మిగిలిన అన్నము ఎక్కడికి పోవును?

కొన్ని సంవత్సరముల క్రితము నేను ఋత్విక్కుగా వెళ్లిన యొక ఊరిలో, ఉత్సవము ముగిసిన మరునాటి ఉదయము స్నానమునకు వంకకు పోగా గట్టున తెల్లని కుప్ప కనబడినది. రాత్రి గంగాళములతో తెచ్చి కుమ్మరించిన అన్నమది. దానికి నూరు అడుగుల దూరమున పత్తి తీయుటకు వచ్చిన వలసకూలీల గుడారములు. ఒక తల్లి బిడ్డలకు జొన్నగంజి కాచుచుండెను. రాత్రి వారిని ఎవరును పిలువలేదట. ఆ ఊరి పెద్ద నొకరిని అడుగగా, “మిగిలినది పెట్టిన పుణ్యము రాదు కదా స్వామీ” అనిరి.

ఆ మాటలో కొంత నిజము, కొంత పొరపాటు కలవు. విస్తరిలో తిని విడిచినది ఉచ్ఛిష్టము. దానిని మరియొక మనిషికి పెట్టరాదు. వంటశాలలోనే మూతతో ఉండి, పంక్తిలోనికి రాని గంగాళములోని అన్నము ఉచ్ఛిష్టము కాదు; అది శేషము. యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురని గీత మూడవ అధ్యాయమున ఉన్నది. అదే గీత పదునేడవ అధ్యాయమున యాతయామమును తామసాహారములలో చేర్చినది. యామమనగా 3 గంటలు. వండి యామము గడచిన అన్నమని కొందరు వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మరింత కఠినముగా, వండిన పదార్థమును 2 గంటలకు మించి బయట ఉంచరాదనియు, వడ్డించువరకు 60 డిగ్రీల సెల్సియసుకు మించిన వేడిలో ఉంచవలెననియు చెప్పుచున్నది. కనుక మిగిలినది దానమునకు పనికివచ్చునా రాదా అన్నది గడియారము చూచి చెప్పవలసిన మాట.

మన ప్రాంతమునకు అన్నదానము కొత్త కాదు. పొరుగుననున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 నాటి కరువులో తమ ధాన్యము తీసి వేలమంది ప్రాణములు నిలిపిరి. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము పంపినది. గోదావరి సీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికిని పొయ్యి వెలిగించి వండి పెట్టిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆ మహనీయులు ఆకలిగొన్నవారి కొరకే వండిరి. మనము అంతవారము కాము. మన పందిరి కొరకు వండుకొని, మిగిలినదానిని సకాలమున చేర్చగలిగిన చాలును.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. మన దేశపు ఇండ్లలో మనిషికి ఏటా 55 కిలోలని అంచనా. పెండ్లి పందిళ్లు ఆ లెక్కలోనివి కావు. మిగులు ఆహారమును సేకరించి పంచుటకు మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నియమావళి చేసినది. హైదరాబాదు వంటి నగరములలో రాబిన్‌హుడ్ ఆర్మీ యువకులు జీతము లేకయే హోటళ్ల మిగులును పేదలకు చేర్చుచున్నారు. అంత పెద్ద నగరములో జరుగునది, అందరును అందరికి తెలిసిన మన ఊరిలో ఏల జరుగరాదు?

మొదట మిగులకుండ చూడవలెను. ఎసరు ఒక్కసారిగా పెట్టక, బంతుల లెక్క చూచుకొని విడతలుగా పెట్టవలెను. అడిగిన పిమ్మటనే రెండవ గరిటె వేయవలెను. వద్దన్నను కుమ్మరించుట మర్యాద కాదు. పంక్తిలో తిరిగిన బకెట్టును తిరిగి గంగాళములో కలుపరాదు. పప్పు, చారు, అన్నము వేడి తగ్గకముందే మూతగల పాత్రలలోనికి తీయవలెను. కొబ్బరి పచ్చడి, పెరుగన్నము ఎండలో త్వరగా చెడును గనుక వానిని పంపరాదు. విస్తరులలోని మెతుకులు పశువులకు పోవును గాన ప్లాస్టిక్ విస్తరులు ఈ మూడు దినములు పందిరిలోనికే రారాదు.

ఎవరికి చేర్చవలెను? ఒంటరిగా నున్న వృద్ధులు, చేలలో దిగిన కూలీలు, నల్లమల అంచుననున్న చెంచు గూడెములవారు. వారికి ఉదయమే చెప్పి, కావలెనా యని అడిగి, ఎందరున్నారో తెలిసికొని రావలెను. అర్ధరాత్రి నిద్రలేపి పెట్టు అన్నము మన భారము దించుకొనుటయే యగును. ఇచ్చునప్పుడు ఫోటోలు తీయరాదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదని వ్రతము విధించినది. పుచ్చుకొనువానిని చిన్నబుచ్చుట కూడ అన్నమును నిందించుటయేనని నా అభిప్రాయము.

మధ్యాహ్నము 2 గంటలకు కడపటి బంతి లేచును. రెండున్నరలోపల ఆటోలు కదలవలెను. రెండు ఆటోలు, మూతలున్న పది పాత్రలు, దారి తెలిసిన నలుగురు పిల్లలు కావలెను. ఇవ్వదలచినవారు అంకురార్పణ దినమున ఉదయము వంటశాల యొద్ద నన్ను కలిసికొనవలెను.