చిగుళ్ళ జబ్బు - ప్రొబయోటిక్ బిళ్ళలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం తరఫున మేము ఈ యేడు పళ్ళ విషయం ఎత్తుకున్నాం. పళ్ళ గురించి యేం మాట్లాడతారులే అనుకోవద్దు. మన నవీపేటలో పన్ను పుచ్చి సలుపు పెడితే వెంటనే నిజామాబాదు బస్సెక్కుతాం. తోముకునేటప్పుడు రక్తం కనబడితే మాత్రం "వేడి చేసింది" అని పెరుగన్నం తిని వూరుకుంటాం. చిగుళ్ళ జబ్బు చాలామందికి నొప్పి లేకుండానే వస్తుంది, చిక్కంతా అక్కడే వుంది.

పళ్ళ మీద పట్టిన పాచి తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. అది చిగురు కిందికి దిగితే పంటికీ చిగురుకీ మధ్య సందు పడుతుంది. ఆ సందులో క్రిములు చేరి వాపు నిలిచిపోతే పంటిని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. షుగరు జబ్బున్నవారికి, జర్దా, గుట్కా, బీడీ అలవాటున్నవారికి ఇది తొందరగా ముదురుతుంది. పొగ తాగేవారికి రక్తం తక్కువ కారుతుంది గనుక జబ్బు దాగి వుంటుంది కూడా.

ఇక ప్రొబయోటిక్ బిళ్ళలు. ఇవి మేలు చేసే క్రిములు. ఆలోచన కొత్తదేమీ కాదు. 1908లో నోబెల్ బహుమానం పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ పులిసిన పాలలోని క్రిములు ఆయుష్షు పెంచుతాయని ఆ రోజుల్లోనే చెప్పాడు. నోట్లో మంచి క్రిములు చోటు ఆక్రమిస్తే చెడ్డవాటికి చోటు దొరకదని ఇప్పటివారి ఆశ. గార తీయించుకున్నవారికి లాక్టోబాసిల్లస్ రాయ్‌టెరీ అనే జాతి బిళ్ళలిచ్చి చూశారు. కొన్ని పరీక్షల్లో సందు లోతు కాస్త ఎక్కువ తగ్గింది, కొన్నిటిలో తేడా కనబడలేదు. యూరపు చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020లో అన్నీ చూసి, గార తీసే వైద్యానికి తోడుగా వీటిని వాడవద్దనే సలహా ఇచ్చింది.

మరి పెరుగు? తినండి, మంచి ఆహారం. కాని ఇంటి తోడులోని క్రిములూ, పరీక్షించిన జాతీ ఒకటే అనుకోరాదు. చక్కెర కలిపిన సీసా పానీయాలైతే పళ్ళకు చేటు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా మన చాయ్‌లో చక్కెర మాత్రం తగ్గలేదు!

బిళ్ళ గాని, పెరుగు గాని, మిస్వాక్ గాని గట్టిపడిన గారను ఊడదీయలేవు. దాన్ని డాక్టరు పనిముట్టుతో గీకి తీయవలసిందే. తీయిస్తే పళ్ళు వదులవుతాయని మన ఆడవాళ్ళకు భయం. నిజానికి ఎముక ముందే తగ్గి వుంటుంది, ఇన్నాళ్ళూ దాన్ని గార కప్పి వుంచింది, అంతే. చిగుళ్ళ వైద్యంతో షుగరు కూడా కొంత అదుపులోకి వస్తుందని తేలింది. కాబట్టి డబ్బు కొంచెమే వుంటే ముందు గార తీయించండి. బిళ్ళల మాట తర్వాత.

డాక్టరు రాసి ఇస్తే బిళ్ళ రాత్రి పళ్ళు తోముకున్నాక చప్పరించవచ్చు, రోజాకు అడ్డు రాదు. గొట్టం మాత్రలైతే పైతొడుగు జెలటిన్‌దా, మొక్కల నుంచి తీసినదా అని దుకాణంలో అడగండి. క్యాన్సరు మందులు వాడేవారు, బలహీనంగా వున్నవారు డాక్టరునడగకుండా ముట్టవద్దు.

రంజాను ముందు, షాబాను నెలలోనే గార పని ముగించుకుంటే తేలిక. నిజామాబాదు పక్కన మల్లారంలో దంత వైద్య కళాశాల వుంది. బస్సు కిరాయికి ఇబ్బంది వున్నవారు మొహమాటపడక మన కార్యదర్శిగారికి చెప్పండి.