ఉబ్బసమా? కడుపులో పురుగులా?

(రేడియోలో స్త్రీల కార్యక్రమానికి చేసిన ప్రసంగం)



"పిల్లవాడికి రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. కడుపులో పాములుండి ఉంటాయి, మందు పోస్తే అన్నీ పోతాయి" అనే మాట మన ఇళ్ళల్లో తరచు వింటూనే ఉంటాం. "కడుపులో పురుగుకీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధమండీ?" అని కొట్టిపారేసే వాళ్ళూ ఉన్నారు. మొదటి మాట పూర్తిగా నిజం కాదు. రెండో మాట అసలే నిజం కాదు.

ఏలికపాము గుడ్లు మట్టి చేతుల ద్వారా, సరిగా కడగని కూరల ద్వారా నోట్లోకి వెళతాయి. పేగుల్లో గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు అక్కడే ఉండిపోదు. పేగు గోడని తొలుచుకుని రక్తంలో పడి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకి చేరుతుంది. అక్కణ్ణించి గొంతులోకి పాకి, మనం వేసే గుటకతో మళ్ళీ పేగుల్లోకి దిగి పెద్దదవుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న ఆ కొద్దిరోజులూ దగ్గు, ఆయాసం, కొంచెం జ్వరం రావచ్చు. అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది. 1932లో ఇలాంటి జబ్బుని వర్ణించిన స్విట్జర్లాండు వైద్యుడు లోఫ్లర్ పేరే దీనికి పెట్టారు. ఉత్త కాళ్ళతో మట్టిలో తిరిగేవాళ్ళకి చర్మం గుండా ఎక్కే కొంకిపురుగు, స్ట్రాంగిలాయిడిస్ అనే మరో సన్నని పురుగు కూడా ఊపిరితిత్తుల దారినే వస్తాయి. పిల్లలకి ఆసనం దగ్గర దురద పెట్టే నులిపురుగులు మాత్రం ఈ దారిన పోవు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆయాసం వచ్చిన ఆ రోజుల్లో మల పరీక్ష చేయిస్తే ఏమీ కనిపించదు. ఏలికపాము పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు నెలలకి పైగా పడుతుంది. అప్పుడు ఒక్క ఆడపురుగే రోజుకి సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది కనుక సులువుగానే దొరుకుతాయి. స్ట్రాంగిలాయిడిస్ అలా కాదు. మలంలో దాని గుడ్లు సాధారణంగా కనపడవు, పిల్లపురుగులే కొద్దికొద్దిగా, అదీ ఒకరోజు వస్తే మరోరోజు రాకుండా, పడుతుంటాయి. అందుకే ఒక్కసారి "ఏమీ లేదు" అని రాసిచ్చినంత మాత్రాన తృప్తిపడకూడదు. వేరువేరు రోజుల్లో కనీసం మూడుసార్లు పరీక్ష చేయించమంటారు.

మలం పట్టే సీసా పొడిగా, శుభ్రంగా ఉండాలి. మూత్రం, నీళ్ళు, ఫినాయిలు కలవకూడదు. పట్టిన వెంటనే లాబొరేటరీకి పంపాలి. పరీక్షకి ముందు ఆముదం పట్టించకండి. నూనె కలిసిన మలంలో గుడ్లు వెతకడం కష్టం. నులిపురుగుల సంగతి వేరు. పిల్లలు తెల్లారి లేవగానే, కడగకముందే ఆసనం దగ్గర అంటించి తీసిన సెల్లోటేపు మీద వాటి గుడ్లు చూస్తారు.

రెండోది రక్త పరీక్ష. ఇసినోఫిల్ అనే తెల్లకణాలు మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉంటాయి. పురుగులున్నా పెరుగుతాయి, ఉబ్బసంలోనూ కొంత పెరుగుతాయి. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పలేం. మరీ 3000 దాటి, రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం ఎక్కువైతే బోదకాలు పురుగు వల్ల వచ్చే ఇసినోఫీలియాని కూడా తలుచుకోవాలి. క్షయలా కనిపిస్తూ క్షయ కాని ఈ జబ్బుని గురించి 1940లోనే మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు రాశారు. ఇది దోమకాటుతో వచ్చేది. మల పరీక్షలో తెలియదు, మందూ వేరే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఉబ్బసం ముదిరినప్పుడు డాక్టర్లు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. స్ట్రాంగిలాయిడిస్ ఉన్న మనిషిలో ఈ మాత్రలు ప్రమాదం తేవచ్చు. ఆ పురుగు మళ్ళీ బయటనించి రానక్కరలేకుండా ఒంట్లోనే తరతరాలుగా పెరుగుతుంది. చిన్నప్పుడు పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగిన అత్తగారికి అప్పుడు పట్టినది, నలభై ఏళ్ళ తర్వాత పట్నంలో కూడా ఉండవచ్చు. స్టెరాయిడ్ తో ఒంటి కాపుదల తగ్గగానే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. పైగా ఆ మాత్రలు ఇసినోఫిల్స్ ని తగ్గించి జాడ కూడా చెరిపేస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు వేసినా ఉబ్బసం తగ్గకపోగా ఎక్కువవుతుంటే అనుమానించాలి. అందుకని ఎక్కువకాలం ఈ మాత్రలు మొదలుపెట్టే ముందే "మావాళ్ళకి పురుగుల పరీక్ష చెయ్యాలా?" అని డాక్టరుగారిని అడగండి. అడగడం తప్పు కాదు. పెద్ద ఆసుపత్రుల్లో ఈ పురుగుకి ప్రత్యేకమైన రక్తపరీక్ష కూడా ఉంది.

అలాగని, ఈ మాటలు విని ఎవరూ ఇన్హేలరు మానకండి! మాత్రలతో ఉన్నంత భయం పీల్చే మందుతో లేదు. మానేస్తే ఆయాసం ముదిరి అసలుకే మోసం వస్తుంది. వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్రల్నీ సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు.

పురుగుల మందు వేస్తే ఉబ్బసం నయమవుతుందా? పురుగు వల్ల వచ్చిన ఆయాసమైతే తగ్గుతుంది. అసలు ఉబ్బసం పోదు. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినాన బడుల్లో, అంగన్వాడీల్లో పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మంచిదే. కాని ఆ ఒక్క మాత్ర స్ట్రాంగిలాయిడిస్ కి చాలదు, దానికి ఐవర్మెక్టిన్ వాడతారు. గర్భిణులు మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వేసుకోకూడదు. ఏ మందైనా డాక్టరు చెప్పాకే.

ఆకుకూరలు రెండు మూడు నీళ్ళల్లో కడగడం, గోళ్ళు కత్తిరించడం, అన్నానికి ముందూ దొడ్డికి వెళ్ళొచ్చాకా సబ్బుతో చేతులు కడుక్కోవడం, పెరట్లోకి కూడా చెప్పులతో వెళ్ళడం మన చేతిలో పనులే కదండీ. మిగిలింది అనుమానం వచ్చినప్పుడు ఊహించుకోకుండా పరీక్ష చేయించుకోవడం.

సెలవు.