చిన్న వ్యాపారికి నలుగురి సలహా



మన చిట్యాల హైదరాబాదు - విజయవాడ సడకు మీద ఉన్నది. పొద్దు పొడిచింది మొదలు వచ్చేపోయే బండ్లకు లెక్క లేదు. ఆ రాకపోకలు చూచి, "కందులు అమ్ముకొనుట యెందుకు? గిర్ని పెట్టి పప్పే అమ్మరాదా?" అని రైతుకు తోచుట సహజము. ఆలోచన మంచిదే. అయితే ఎవరిని అడిగి పెట్టవలె?

నాకు తెలిసిన రైతు ఒకాయన మిషను అమ్మేవాణ్ణి అడిగినాడు. షెడ్డు కట్టే మేస్త్రీని అడిగినాడు. ఇద్దరూ "పెట్టు పటేలా" అన్నారు. ఈయన పెడితేనే గదా వారికి గిరాకి! ఉన్న పైసలు, తెచ్చిన అప్పు అన్నీ షెడ్డుకు, మిషనుకు పోయినవి. తీరా కందులు కొనే నాటికి చేతిలో రొక్కము లేదు. రెండేండ్లకు గిర్ని మూతబడ్డది. ఎకరం చెలక అమ్మి బాకీ కట్టినాడు. ఆయన చేనుకు ఎన్నోసార్లు పోయి పురుగు సంగతి చెప్పినవాణ్ణి నేను. వ్యాపారం సంగతి నా పని కాదనుకొన్నాను. అది నా పొరపాటు.

ఇప్పుడొక చిన్న లెక్క చూడండి. 4 లక్షల అప్పు తెచ్చినారనుకొందాం. నూటికి నెలకు రూపాయి మిత్తి అయితే నెలకు 4,000, ఏడాదికి 48,000. కందులు ఇంటికి వచ్చేది పుష్య మాఘాలలో. గిర్ని 3 నెలలే తిరిగితే, ఆ 3 నెలలలో నెలకు 16,000 మిత్తికే పోవును. కరెంటు, కూలి, అసలు వేరే. మిగిలిన 9 నెలలు ఏమి పట్టవలె? సరుకు కొనుటకు రొక్కము ఎంత ఉంచుకోవలె? ఈ రెండు ప్రశ్నలు ముందే అడిగేవారు కావలె.

అందుకని ఐదుగురిని కూర్చుకోండి. గిర్ని నడిపి చూచినవారొకరు, పప్పు అమ్మే కిరాణం దుకాణాయన ఒకరు, బ్యాంకు పని తెలిసినవారొకరు, మహిళా సంఘం లెక్కలు రాసే అక్క ఒకరు. ఐదో మనిషి మీ ఇల్లాలు. ఇంట్లో ఎంత పైస నిలుచునో ఆమెకే ఎరుక. అంతకు మించి వద్దు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. మీకు సరుకు అమ్మేవాణ్ణి మాత్రం ఇందులో కలుపరాదు. "వద్దు" అని మొగం మీద చెప్పగలిగినవారే మీకు పనికివత్తురు.

1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు ముల్కనూరులో సహకార సంఘము స్థాపించినారు. అప్పు, ఎరువు, పంట అమ్మకము ఒక్క కప్పు కింద చేర్చుటే అందులోని కిటుకు. అప్పిచ్చేవారికి సరుకు ఎక్కడ అమ్ముడుపోవునో తెలిసి ఉండును. మీ ఐదుగురు చేయవలసిన పని కూడా అదే.

నెలకొక్కసారి కూర్చోండి. ఉద్దెర పుస్తకం విప్పి ముందర పెట్టండి. దాచిన లెక్కకు సలహా దొరకదు. కాగితాల పని నల్లగొండలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగవచ్చును. 2020 జులైలో వచ్చిన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. దళారికి పైసలు ఇయ్యనక్కరలేదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు "గిర్ని పెడుతా" అంటే "మంచిది" అని ఊరకుండకండి. 5,000 ఎకరాలకొకటి చొప్పున 2020లో రైతు వేదికలు కట్టినారు గదా! అక్కడ ఆ ఐదుగురిని ఒక పూట కూర్చోబెట్టండి. నేను చేయని పని మీరు చేయండి.

సోదరులారా! సలహా నలుగురిది. సంతకము మీది, అప్పు మీది, చెలక మీది. కనుక సంతకానికి ముందే నలుగురిని అడగండి.