సీటు ఇచ్చారు సరే, పక్కన ఎవరు కూర్చుంటారు?

ఈసారి మన పటమట సంగతే మాట్లాడుకుందాం. పొద్దున్నే బెంజి సర్కిల్ దగ్గర ఎన్ని రంగుల స్కూల్ బస్సులు తిరుగుతాయో మీకు తెలుసు. ఒకే అపార్ట్‌మెంట్ గేటులోంచి ఇద్దరు పిల్లలు బయటికొస్తారు. ఫ్లాట్ ఓనర్ గారి అబ్బాయి బస్సెక్కుతాడు, వాచ్‌మన్ గారి అమ్మాయి నడిచి మున్సిపల్ స్కూలుకెళ్తుంది. పదో తరగతి దాకా ఇద్దరూ ఒక్క రోజు కూడా ఒకే క్లాసులో కూర్చోరు.

అమెరికాలో ఈ గీత రంగును బట్టి గీశారు. అది చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1954లో బ్రౌన్ కేసులో తీర్పిచ్చింది. మన దగ్గర ఆ గీతని కులమూ ఫీజూ కలిసి గీస్తాయి. అందుకే 2009 విద్యాహక్కు చట్టంలో ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకివ్వాలని పెట్టారు. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. మన రాష్ట్రంలో ఆ సీట్లు నింపడం మొదలయ్యింది మాత్రం 2022-23లో! అంటే 2010లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లాడు అప్పటికి ఇంటర్ కూడా అయిపోయాడన్నమాట.

సరే, సీటొచ్చింది. ఇప్పుడు రెండిళ్లలోనూ భయమే. "మావాడి చదువు వెనకబడుతుందేమో" అని ఒకళ్లు, "మా పిల్లని చిన్నచూపు చూస్తారేమో" అని ఇంకొకళ్లు. రెండూ కొట్టిపారేసే భయాలు కావు.

ఢిల్లీలో ఇలాంటి సీట్లు 2007 నుంచే ఉన్నాయి. గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త అక్కడి స్కూళ్లను పరిశీలించి 2019లో ఒక పేపర్ వేశారు. పేద పిల్లలతో కలిసి చదివిన డబ్బున్న పిల్లల్లో ఇచ్చే గుణం పెరిగింది, పేద పిల్లల్ని దూరం పెట్టడం తగ్గింది. లెక్కల్లో, హిందీలో మార్కులు పడిపోలేదు. ఇంగ్లీషులో కాస్త తగ్గాయి, అది దాచక్కర్లేదు. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. కొన్ని స్కూళ్లలో పేరులో మొదటి అక్షరాన్ని బట్టి స్టడీ గ్రూపులు వేస్తారు. అలా అక్షరం పుణ్యమా అని ఒకే గ్రూపులో పడ్డవాళ్లలోనే మార్పు గట్టిగా కనిపించింది. ఒకే గదిలో ఉంటే చాలదు, కలిసి పని చెయ్యాలి.

ఇది మన పటమటకి కొత్తేం కాదు లెండి. గోరా గారు 1947లో ముదునూరు నుంచి నాస్తిక కేంద్రాన్ని ఇక్కడికే తెచ్చారు. కులం పోవాలని ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు ఆయన, అన్ని కులాలవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు.

మరి క్లాసులో పంక్తి ఎలా వెయ్యాలి? 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే స్కూళ్లలో కలిపితే గొడవలయ్యాయి. అప్పుడు ఎలియట్ అరన్సన్ అనే మనస్తత్వవేత్త ఓ పద్ధతి పెట్టాడు, పేరు జిగ్‌సా. ఐదారుగురి గ్రూపు, పాఠంలో తలా ఓ ముక్క. మన ప్రకాశం బ్యారేజీ పాఠమే తీసుకోండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఒకరికి, 1952లో దానికి గండి పడ్డం ఇంకొకరికి, 1957 నాటి కొత్త బ్యారేజీ మరొకరికి, కాలవలు నాలుగోవాళ్లకి. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకొచ్చి మిగతావాళ్లకి చెప్పాలి. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద! పక్కవాడు చెప్పేది వినకపోతే మార్కులు పోయేది మనకే. బందరు కాలవ గట్టున ఇల్లున్న పిల్లకి ఆ కాలవ ముక్క మిగతావాళ్లకన్నా బాగానే తెలిసుండొచ్చు. ఆస్టిన్‌లో వెనకబడ్డ పిల్లల మార్కులు పెరిగాయి, తెల్ల పిల్లలవి తగ్గలేదు.

దీనికి ఏసీ క్లాస్‌రూం అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. టీచర్ గ్రూపులు తనే వెయ్యాలి, అంతే. పిల్లలకే వదిలేస్తే ఎవరి బస్సువాళ్లు వాళ్లతోనే కూర్చుంటారు. ఇంకోటి, స్టాఫ్‌రూంలో "ఆర్టీఈ పిల్లలు" అని పిలవడం మానాలి. ఆ మాట పిల్లల చెవిన పడటానికి ఒక్క పూట చాలు.

మీ తమ్ముడో చెల్లెలో ప్రైవేటు స్కూల్లో ఉంటే ఇవాళ సాయంత్రం అడగండి, గ్రూపు వర్క్‌లో పక్కన ఎవరున్నారని. ఏం చెప్పారో కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.