నెత్తి నేలకానించే మాట

లొంగిపోయిన లీడరును ఇంగ్లిషు పేపర్లు 'కౌటౌ' చేసిండని ఎత్తిపొడుస్తయి. ఆ మాట చీనాది. 'కౌ' అంటే కొట్టుడు, 'టౌ' అంటే తలకాయ. అక్కడ బిడ్డలు తల్లిదండ్రులకు గౌరవంతోనే ఇట్ల మొక్కేటోళ్లు. చక్రవర్తి ముందటనైతే మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నెత్తి నేలకానించాలె.

1793లో బ్రిటిష్ రాయబారి మెకార్ట్‌నీ ఒప్పుకోలె, ఒక్క మోకాలే వంచిండు. 1816లో ఆమ్‌హర్స్ట్ కూడా కాదన్నడు. దర్శనమే ఇయ్యక పంపేసిండ్రు. ఇంగ్లిషులోకి పోయినంక ఆ మాటల గౌరవం రాలిపోయి గులాంగిరి మిగిలింది. అదే బ్రిటిషోళ్లు ఈ దేశంల సలాములు కొట్టించుకున్నరు!

1912లో చీనా గణతంత్రం ఈ మొక్కుడును పక్కకు పెట్టి, నిలబడి తల వంచుడు తెచ్చింది. మన ఊర్లల్ల దొరల ముందటి 'బాంచన్, కాల్మొక్త' కూడా 1946-51 రైతాంగ పోరాటంల జనం తిరగబడితెనే సడలింది. మొక్కుడు ఒక్కటే, మొక్కించుకునేటోడు ఉన్నకాడ అది గులాంగిరి.