ఒడ్డు కనిపించే దూరంలో
(అల్ నహ్దాలోని తెలుగు తరగతి విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



మీరుండే అల్ నహ్దా సగం దుబాయిలోను, సగం షార్జాలోను ఉన్నది. ఇక్కడి నుంచి కొద్ది దూరం పోతే మమ్జర్, అల్ ఖాన్ తీరాలు వస్తాయి. అక్కడ నిలబడి చూస్తే దూరాన లంగరు వేసి ఉన్న ఓడలు కనబడతాయి. వాటిలో మనుషులున్నారన్న సంగతి మనకు సాధారణంగా తోచదు. మీరు ఉదయం తిన్న ఇడ్లీ బియ్యం, మినపపప్పు ఓడలోనే వచ్చినవి. ప్రపంచ వ్యాపారంలో బరువు లెక్కన నూటికి ఎనభై పాళ్ళకు పైగా సముద్రం మీదనే సాగుతున్నది. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఆ ఓడలకు, ఆ మనుషులకు ఏమైనదో ఈనాడు చెప్పుకొందాము.

అంటువ్యాధికి, ఓడకు సంబంధం చాలా పాతది. 1377లో రగూసా అనే రేవు పట్టణం, అంటే నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చిన వారిని 30 రోజులు ఊరి బయట ఉంచవలెనని శాసనం చేసినది. తరువాత ఆ గడువు 40 రోజులైనది. ఇటలీ భాషలో నలభైని 'క్వారంటా' అంటారు. మనమందరము విసుగు పుట్టే దాకా విన్న 'క్వారంటైన్' మాట అక్కడినుంచి పుట్టినదే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా కూడా మన దేశానికి బొంబాయి రేవు గుండానే వచ్చినది.

ఓడల జెండాలలో పసుపు రంగు జెండా ఒకటి ఉన్నది. పూర్వం అది కనబడితే "ఈ ఓడలో రోగం ఉన్నది, దగ్గరకు రావద్దు" అని అర్థం. ఇప్పుడు దాని అర్థం తలక్రిందులైనది. "మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి రానివ్వండి" అని అడగడానికి దానిని ఎగురవేస్తారు. ఆరోగ్యాధికారి అనుమతి దొరికిన తరువాతనే సరుకు దించడం మొదలవుతుంది.

2020 మార్చిలో దేశాలన్నీ తలుపులు మూసుకొన్నవి. ఇక్కడ దేరాలో ఖోర్ ఒడ్డున ఉన్న అల్ రాస్ పేటను మార్చి 31 నుంచి రెండు వారాలు పూర్తిగా మూసివేశారు. మసాలా దినుసుల బజారు, చెక్క ఓడల రేవు ఆ ప్రాంతంలోనివే. ఆ ఓడలు చూడడానికి చిన్నవే అయినా, ఇరాన్, సొమాలియా, యెమెన్ వంటి చోట్లకు బియ్యం, నూనె, టైర్లు మోసుకొనిపోతాయి. పెద్ద ఓడ రాని రేవులకు అవే దిక్కు.

పెద్ద ఓడలలో సరుకు రవాణా మాత్రం ఆగలేదు. ఆగితే ఆకలి, మందుల కొరత వచ్చేవి. సరుకు దిగడానికి దేశాలు సాధారణంగా అనుమతించినవి. దానిని తెచ్చిన నావికుడు దిగడానికి మాత్రం చాలా దేశాలు ఒప్పుకోలేదు. విమానాలు లేవు, వీసాలు లేవు. దిగవలసినవాడు దిగలేడు, అతని బదులు ఎక్కవలసినవాడు ఇంటివద్ద జీతం లేకుండా కూర్చున్నాడు. 2020 చివరికి గడువు దాటినా ఓడలోనే చిక్కుకొన్నవారు సుమారు 4 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క చెప్పినవి. నావికులలో ఎక్కువ మంది ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, భారతదేశం వంటి దేశాల వారు.

దీనికి చట్టం లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. 2006లో జెనీవాలో చేసిన సముద్ర కార్మికుల ఒడంబడిక ప్రకారం ఒక నావికుడిని ఏకధాటిగా పన్నెండు నెలలు ఓడలో ఉంచరాదు. మన దేశం దానిని 2015లో అంగీకరించినది. అంటువ్యాధి పేరుతో ఓడను రేవులోకి రానివ్వకపోవడం సాధారణంగా కూడదని 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కూడా చెబుతున్నవి. మరి ఆ చట్టాలు ఎందుకు పనిచేయలేదు?

ఇక్కడ మీరు కొంచెం జాగ్రత్తగా వినాలి. ఒక ఓడ ఉన్నదనుకోండి. యజమాని ఒక దేశంలో ఉంటాడు. ఓడ మీద జెండా పనామాదో, లైబీరియాదో ఉంటుంది, ఎందుకంటే అక్కడ నమోదు చేయిస్తే పన్ను, ఖర్చు తక్కువ. పనివారు ఇంకో దేశం వారు. ఓడ నిలిచిన రేవు నాలుగో దేశానిది. అంతా సవ్యంగా ఉన్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. కష్టం వచ్చిన రోజున మాత్రం "అది నా బాధ్యత కాదు" అనడానికి నలుగురికీ వీలున్నది. ఉమ్మడి చెరువు గట్టు తెగినప్పుడు మన ఊళ్ళలో జరిగేదీ ఇంతే కదా!

ఇందుకు మీకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉన్నది. షార్జా, అజ్మాన్ దాటితే ఉమ్ అల్ కువైన్ వస్తుంది. 2021 జనవరిలో 'ఐబా' అనే చమురు ఓడ గాలివానకు లంగరు తెగి ఆ ఊరి ఇసుకలోకి కొట్టుకొని వచ్చినది. దాని మీద పనామా జెండా ఉన్నది. లోపల ఐదుగురున్నారు. వారు భారత్, పాకిస్తాన్, మయన్మార్ దేశాలవారు. కంపెనీ 2017లో డబ్బు ఇబ్బందులలో పడినది, జీతాలు నిలిచినవి. మంది లేని ఓడను సముద్రంలో వదలిపెట్టరాదు. పైగా దిగిపోతే జీతం బాకీ మీద హక్కు పోతుందని భయం. అందుచేత కొందరు దాదాపు నాలుగేళ్ళు ఒడ్డును చూస్తూ ఓడలోనే ఉన్నారు. ఈ కష్టం మహమ్మారి తెచ్చినది కాదు, అంతకుముందే మొదలైనది. కానీ మహమ్మారి రోజులలో అటువంటి వారిని పలకరించి, అన్నం, నీళ్ళు అందించడం మరీ కష్టమైనది. చివరకు ఓడను వేరొకరు కొనగా, బాకీలో కొంత భాగం చేతికి వచ్చి వారు ఇళ్ళకు చేరుకొన్నారు. మొత్తం బాకీ రాలేదని గమనించండి. అదే ఏడు అమీరాత్ మంత్రివర్గం శిథిల నౌకల మీద, నియమాలు ఉల్లంఘించిన ఓడల మీద కొత్త తీర్మానం చేసినది.

జెండా మనదే అయినా కష్టం తప్పలేదు. 'జగ్ ఆనంద్' మన దేశపు ఓడ. ఆస్ట్రేలియా బొగ్గుతో 2020 జూన్‌లో చైనాలోని జింగ్‌టాంగ్ రేవు బయట లంగరు వేసినది. బొగ్గు దించుకోనివ్వలేదు, 23 మంది భారతీయ నావికులను దిగనివ్వలేదు. చైనా మహమ్మారి నియమాలను కారణంగా చెప్పినది. ఆ రోజులలో ఆ రెండు దేశాల మధ్య వ్యాపార తగాదా నడుస్తున్న సంగతి కూడా అందరికీ తెలిసినదే. 2021 జనవరిలో ఓడ జపాన్‌లోని చిబా రేవుకు పోయి అక్కడ మనుషులను మార్చుకొన్నది.

ఇక మన తెలుగు వారి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కు వలస పోతారు. మన ఉత్తరాంధ్రకు పొడవైన తీరం ఉన్నది కాని, పెద్ద మరబోట్లు నిలుపుకొనే రేవులు తక్కువ. అలల మీదికి తెప్ప తోసి వేటాడే మనిషికి ఏడాది పొడుగునా గిట్టుబాటు కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేసరికి నాలుగు వేల మందికి పైగా అక్కడ చిక్కుకొన్నారు. వారికి ఇల్లూ వాకిలీ ఆ బోటే. ఇరుకు బోటులో పది మంది పక్కపక్కన పడుకొంటూ, "దూరం దూరంగా ఉండండి" అనే ప్రకటనలు వింటూ నెల రోజులకు పైగా గడిపారు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకొన్న తరువాత, ఏప్రిల్ చివరి రోజుల నుంచి బస్సులలో వారిని తీసుకొని వచ్చారు. సముద్ర కార్మికుల ఒడంబడిక ఆ బోట్ల దాకా రాదు. 

నౌకాదళం చేసిన పని కూడా చెప్పాలి. విశాఖపట్నం స్థావరంగా ఉన్న 'జలాశ్వ' అనే నౌక 2020 మే 10న మాల్దీవుల నుంచి 698 మందిని కొచ్చి చేర్చినది. 'సముద్ర సేతు' అని పేరు పెట్టిన ఆ కార్యక్రమంలో మొత్తం 3,992 మంది స్వదేశం చేరారు. మరుసటి ఏడు మే 10వ తేదీననే 'ఐరావత్' నౌక సింగపూర్ నుంచి ఆక్సిజన్ సిలిండర్లతో విశాఖకు వచ్చినది.

ధరల మాట క్లుప్తంగా చెబుతాను. కంటైనర్లు ఎక్కడివక్కడ నిలిచిపోగా 2021లో ఓడ కిరాయిలు ఎన్నో రెట్లు పెరిగినవి. ఆ పెరుగుదల అలాగే నిలిస్తే 2023 నాటికి ప్రపంచమంతటా ధరలు సగటున ఒకటిన్నర శాతం, చిన్న ద్వీప దేశాలలో ఏడున్నర శాతం పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంచనా కట్టినది. ఉప్పు నుంచి సిమెంటు దాకా ఓడలో తెచ్చుకొనే చోట ఆ తేడా సహజమే.

నావికులను 'అత్యవసర సేవకులు'గా గుర్తించవలెనని 2020 జూలైలో అమీరాత్‌తో సహా 13 దేశాలు ప్రకటించినవి. డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభ కూడా ఆ మాటే తీర్మానించినది. అయితే తీర్మానం వేరు, రేవు గేటు దగ్గర ఉన్న అధికారి చేతిలోని కాగితం వేరు. అందుకే 2022లో ఒడంబడికనే సవరించారు. నావికుని త్వరగా ఇంటికి పంపే ఏర్పాటు, ఓడలో మంచి త్రాగునీరు, ఇంటివారితో మాట్లాడుకొనడానికి ఇంటర్నెట్ వసతి అందులో చేర్చారు. అది 2024 డిసెంబరు 23 నుంచి అమలులోకి వచ్చినది.

మీలో ఎవరి నాన్నగారైనా, మేనమామ అయినా ఓడలో పనిచేస్తూ ఉంటే, వారి ఓడ మీద ఏ దేశపు జెండా ఎగురుతున్నదో అడిగి, వచ్చే తరగతికి వ్రాసుకొని రండి. పటంలో ఆ దేశం ఎక్కడున్నదో అందరము కలిసి వెతుకుదాము.